అద్దం బంద్ అయింది

అద్దం దిగడం లేదని ఒకరు వస్తారు. అద్దం ఎక్కడం లేదని ఇంకొకరు వస్తారు. రెండూ ఒకటే రోగం అనుకునేవాళ్లు ఈ పనిలోకి రాకపోవడమే మంచిది. వస్తే జీవితాంతం మోటార్లు మార్చుకుంటూ బతకాల్సి వస్తుంది.

నేను బతుకంతా బండ్ల కరెంటు పని చేశాను. కాగజ్‌నగర్‌లో నేర్చుకున్నాను, నస్పూర్‌లో చేతులు కాల్చుకున్నాను, కరీంనగర్‌లో సొంత షెడ్డు వేసుకున్నాను. ఇప్పుడు నడుము వంగనంటోంది, సన్నటి వైరు కంటికి ఆనడం లేదు. షెడ్డు మేనల్లుడికి అప్పజెప్పి ఇంటి పట్టున ఉంటున్నాను. మా వీధిలో ఐటీఐ చదివే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, "అంకుల్, పవర్ విండోల ఫాల్ట్ ఎట్ల దొరకవట్టాలె?" అని అడుగుతుంటారు. మీటరు ఎక్కడ పెట్టాలో, డోర్ ప్యాడ్ ఎలా ఊడదీయాలో వాళ్ల ఫోన్లలోని వీడియోలు నాకంటే బాగా చెబుతాయి. వాటిలో లేని సంగతి ఒకటుంది. ఇది రాయడం దాని కోసమే.

హారను మోగించిన కడుపు

నాకు పని నేర్పింది కాగజ్‌నగర్‌లో జబ్బార్ ఉస్తాద్. పొట్టి మనిషి, గట్టి గొంతు. ఆయనకు శుక్రవారం సెలవు, చర్చికి పోయే ఇంటివాడిని కనుక నాకు ఆదివారం సెలవు. బండ్లకు మాత్రం ఏ వారమూ లేదు. తిట్టడంలో ఆయనకు సాటి లేదు గానీ బండి తెచ్చిన మనిషిని ఒక్క మాట అనేవాడు కాదు.

ఒకసారి ఒక కాంట్రాక్టరు తన జీపు పంపించాడు. హారను దానంతట అదే మోగుతోందట. డ్రైవరు నడుపుతూ తెచ్చాడు, దారిపొడవునా కిక్కురుమనలేదు. నేను ఉత్సాహంగా స్టీరింగు విప్పడానికి స్క్రూడ్రైవరు తీశాను. ఉస్తాద్ నా చేతి మీద ఒకటి వేశాడు.

"అరె, ఎవని ముందల మోగిందో వాన్ని పిలువు. రోగం బండిల ఉంటది, గవాయి మనిషి దగ్గర ఉంటది. గవాయి ఇనకుండ ఫైసలా జేస్తవా?"

గవాయి, అంటే సాక్ష్యం, చెప్పడానికి కాంట్రాక్టరే వచ్చాడు. భారీ మనిషి. ఉస్తాద్ ఆయన్నే నడపమన్నాడు. ఆయన సీట్లో కూర్చుని బండి ముందుకు తీశాడు. మలుపు దగ్గర ఒకవైపు ఒరిగేసరికి హారను కుయ్యిమంది. ఆయన కడుపు హారను బటన్‌ను నొక్కుతోంది! నాకు నవ్వు ఆగలేదు, వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఉస్తాద్ మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"సాబ్, బండి మంచిగనే ఉన్నది. మీ డ్రైవరు సీటు జర ముందుకు గుంజిండు. నేను ఎనుకకు జరుపుత," అన్నాడు.

కాంట్రాక్టరు పోయాక ఉస్తాద్ నాకు రెండు పాఠాలు చెప్పాడు. మనిషి ఎలా చేస్తే రోగం బయటపడిందో, అలాగే చేయించి చూడాలి. చూశాక అతని పరువు తీయకుండా బాగుచేయాలి. రెండోది నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు, నోటి దురుసు ఎక్కువ.

నూనె పోసే చేతులు

నస్పూర్‌కు వెళ్లేనాటికి కార్లు పెరిగాయి, అద్దాలు తిప్పే హ్యాండిళ్ల బదులు స్విచ్‌లు వచ్చాయి. అది బొగ్గు గనుల ఊరు. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి మరో రంగుకు తిరుగుతుంది. అక్కడ నా దగ్గరికొచ్చే కార్లన్నిటిదీ ఒకటే ఫిర్యాదు, అద్దం ముసలివాడు మెట్లెక్కినట్టు ఎక్కుతోందని.

మన దగ్గర ఒక అలవాటుంది. కిర్రుమన్న ప్రతిదానికీ నూనె పోస్తాం. తలుపు బందుకు నూనె, కుట్టుమిషనుకు నూనె, చెవి నొస్తే చెవికీ నూనె. ఒక గని కార్మికుడు కారు తెచ్చి, "అన్నా, ఇంత కొబ్బరినూనె వోసిన, అయినా ఎక్కుతలేదు," అన్నాడు.

"పోసినందుకే ఎక్కుతలేదు తమ్మీ."

అద్దం జారే రబ్బరు గాడిలో బొగ్గు పొడి చేరుతుంది. పొడిగా ఉన్నంతసేపు బట్టతో తుడిస్తే పోతుంది. దాని మీద నూనె పోస్తే గట్టి ముద్దవుతుంది, మోటారు దాన్ని ఈడ్చలేక వేడెక్కి ఆగుతుంది. అప్పుడు మనలో ఒకడు మోటారు పోయిందని కొత్తది వేస్తాడు. కొన్నాళ్లకు కొత్తదీ మూలుగుతుంది. గాడి తుడిచి, రబ్బరుకు పనికొచ్చే సిలికాన్ స్ప్రే కొంచెం కొడితే సరిపోయేది. పనిముట్టు ముందు చేతికి అందుతుంది, బుద్ధి ఆలస్యంగా అందుతుంది. పిల్లలూ, ముందు తుడవండి. తుడవడం చిన్న పనేం కాదు.

నాట్ వర్కింగ్

కరీంనగర్‌కు వచ్చిన కొత్తలో ఒక పెద్ద సర్వీసు సెంటరులో చేశాను. అక్కడి సూపర్‌వైజరు గట్టివాడే. వైరింగు బొమ్మ చూసి కరెంటు దారి పట్టుకోవడం నాకు ఆయనే నేర్పాడు, ఆ రుణం మరవను. కానీ కారు తెచ్చినవాళ్లతో మెకానిక్కులు మాట్లాడకూడదని ఆయన నియమం. కౌంటరు దగ్గర ఒకమ్మాయి కూర్చుని అందరి మాటలూ విని టైపు చేసేది. అద్దం దిగకపోయినా, ఎక్కకపోయినా, సగంలో ఆగినా, టకటక కొట్టుకున్నా మా చేతికి వచ్చేది మాత్రం ఒకటే ముక్క, విండో నాట్ వర్కింగ్.

ఆమె తప్పేం లేదు, ఆమెకు అంతే నేర్పారు. మనిషి నోట వచ్చిన మాటలో రోగం సగం ఉంటుంది. దాన్ని ఇంకో భాషలోకి మార్చి కురచ చేస్తే ఆ సగం రాలిపోతుంది. సూపర్‌వైజరుతో ఇదే మాట అంటే, "కస్టమర్ల ముచ్చట్లు ఇంటె పని అయితదా?" అన్నాడు. నాకు నోటి దురుసు ఎక్కువని ముందే చెప్పాను కదా, ఓ మాట అనేశాను. అక్కడ మానేసి బైపాస్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాను. ఇరుకు షెడ్డు. కారు లోపల పెడితే ఎడమ తలుపు గోడకు తగిలి సగమే తెరుచుకునేది. ఆ గోడ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

వెంకటేశం కారు

ఇక అసలు కథ. ఇది నేను పని మానేయడానికి కొద్దికాలం ముందు జరిగింది.

వెంకటేశం వాళ్లది సిరిసిల్లలో నేత కుటుంబం. వాళ్లమ్మ నర్సవ్వ వయసులో ఉన్నన్నాళ్లూ సాంచాల మీదికి నూలు కండెలు చుట్టింది. సాంచాలంటే ఆ ఊళ్లో కరెంటు మగ్గాలు. కొడుకు ఆ పనిలో బతుకు లేదని కరీంనగర్ వచ్చి బట్టల దుకాణంలో కుదిరాడు, పాత కారొకటి కొన్నాడు. దూది నలుసు మింగీ మింగీ తల్లికి ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇక్కడి డాక్టరు ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. ఆమె మోకాలు వంగదు, బస్సు మెట్టు ఎక్కలేదు. కారులో వెనక సీటు మీద కాలు చాపుకుని, ఎడమ తలుపుకు వీపు ఆనించి కూర్చోవాలి. ఆ తలుపు అద్దం దించి ఉండాలి, లేకపోతే దమ్ము ఆడదు.

"అన్నా, ఎనుక ఎడమ దిక్కు అద్దం బంద్ అయితుంది," అన్నాడు వెంకటేశం. "అవ్వ కూసున్నప్పుడే బంద్ అయితుంది. ఎంత నొక్కినా దిగది. ఇంటికి వొయినంక నేను సూస్తె మంచిగనే వని జేస్తది."

షెడ్డులో పెట్టి డోర్ ప్యాడ్ ఊడదీశాను. మోటారు బాగుంది. స్విచ్ బాగుంది. ఫ్యూజు బాగుంది. పొద్దంతా ఎక్కించాను, దించాను, ఒక్కసారి మొరాయించలేదు. గాడి తుడిచి పంపించాను.

వారం తిరగకుండానే మళ్లీ వచ్చాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు.

"హైదరాబాద్ పోదామని ఎల్లినం అన్నా. ఊరు దాటకముందే మళ్ల బంద్ అయింది. అవ్వ ఒక్కటే మొత్తుకునుడు. దిగి ఆటోల ఇంటికి వొయింది. ఇగ ఆ డబ్బల కూసోనంటుంది. వేరే కారు మాట్లాడుతనంటె, ఏ కారు ఎనుక సీట్ల గూడ కూసోనంటుంది. ఇంట్లనే సస్త గని రాను అంటుంది."

"భయపడ్డదా?"

"మనసుల ఏదో వడ్డది. అద్దం తన కొంగు వట్టిందంటది. నేనే తలుపు ఏసేటప్పుడు కొంగు ఇరుక్కున్నట్టుంది. నువ్వొక్క సాయం జెయ్యన్నా. అవ్వకు నీ మీద నమ్మకం. కొత్త మిషిని ఏసిన, మంచిగైంది అని ఒక్క మాట జెప్పు. డాక్టరు ఆగొద్దంటుండు. నాకు పరేషాన్ అయితుంది."

అతని కళ్లలో నీళ్లున్నాయి. అబద్ధం చెప్పమంటున్నాడు గానీ అడుగుతున్నది తల్లి ప్రాణం కోసం. చెప్పేద్దామని నాకూ అనిపించింది, నిజం. ఆపింది ఆ కొంగు మాట. తలుపులో కొంగు చిక్కితే కింద చిక్కుతుంది, నడుము దగ్గర. ఆమె అద్దం పట్టిందంటోంది. సాక్ష్యం చెప్పాల్సిన మనిషి ఇంట్లో ఉంటే నేను ఇక్కడ మోటారుతో మాట్లాడుతున్నాను.

"అవ్వను దీసుకరా," అన్నాను.

"కార్ల ఎక్కది గదన్నా!"

"ఆటోల రమ్మను."

పెద్దమ్మ మాట

నర్సవ్వ ఆటో దిగి, నా స్టూలు మీద కూర్చుని, కాసేపు ఊపిరి తీసుకుంది. సన్నటి మనిషి, చురుకైన కళ్లు. కారు వైపు పాము పుట్టను చూసినట్టు చూస్తోంది.

"పెద్దమ్మా, అద్దం ఏమైందో జర జెప్పు," అన్నాను.

"ఏమైతది బిడ్డా, బంద్ అయింది."

"నేను జెప్పింది గదేనన్నా," అన్నాడు వెంకటేశం.

"బంద్ అయిందంటె, పని చేస్తలేదా పెద్దమ్మా?"

ఆమె నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "పని జెయ్యకుంటె బాగనే ఉండు గదా! అది మస్తు జేస్తుంది. నేను ముట్టలే, వీడు ముట్టలే. తనంత తాను పైకచ్చి బంద్ అయింది, దర్వాజ బంద్ జేసినట్టు. నా కొంగు వట్టి మెడకాడ గుంజింది. నేను మొత్తుకుంటుంటె వీడు ఇంటలేడు."

"కొంగు తలుపుల ఇరుక్కుందనుకున్న," అన్నాడు వెంకటేశం.

మన దగ్గర దుకాణం మూస్తే బంద్ అంటాం. ఫ్యాన్ పాడైతే బంద్ అయిందంటాం. తలుపు వేస్తే బంద్ చేశామంటాం. కొడుకు చెప్పిన బంద్ పాడవడం, తల్లి చెప్పిన బంద్ మూసుకోవడం. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే మాటను రోజూ చెప్పుకుంటూ పోట్లాడుకున్నారు. ఆగిపోయే అద్దానికి కారణాలు వేరు, తనంతట తాను ఎక్కే అద్దానికి కారణాలు వేరు. రెండోది ప్రమాదం కూడా. దాచుకోవడమెందుకు, నాకు లోపల ఒక ఉత్సాహం కూడా లేచింది. ఎందుకు ఎక్కుతోంది? ఆమె కూర్చుంటేనే ఎందుకు ఎక్కుతోంది?

షెడ్డులో ఉన్న కారులో అద్దం దించి, నేను ఎక్కి ఆమెలా కాలు చాపుకుని కూర్చున్నాను. వెంకటేశం తాళం తిప్పాడు. అద్దం కదల్లేదు. నర్సవ్వ తల అడ్డంగా ఊపింది.

"గట్ల గాదు. నువ్వు సందుల నుంచి దూరినవ్. నాకు మోకాలు వంగది గదా. వీడు తలుపు మొత్తం ఇప్పి వడితె మెల్లగ కూసుంట."

అప్పుడు చూశాను నా గోడను. ఇక్కడ తలుపు సగమే తెరుచుకుంటుంది. వెంకటేశం ఇంట్లో పరీక్షించినప్పుడు ముందు సీట్లో కూర్చునే స్విచ్ నొక్కాడు, వెనక తలుపు తెరవనే లేదు. ఆ తలుపును చివరిదాకా తెరిచేది ఆమె కోసం ఒక్కటే.

కారు రోడ్డు వారకు తీయించాను. వెంకటేశం తలుపును కొసదాకా తెరిచి పట్టుకున్నాడు. నేను ఆమెలాగే మెల్లగా ఎక్కి కూర్చున్నాను. వెంకటేశం తలుపు వేశాడు, నేను దానికి వీపు ఆనించాక వెళ్లి తాళం తిప్పాడు.

నా చెవి పక్కన గుయ్యిమంది. ఎవరూ ముట్టకుండా అద్దం పైకి వస్తోంది. నేను గబుక్కున తల పక్కకు తీశాను. అది నింపాదిగా పైదాకా వెళ్లి రబ్బరును అదుముకుని నిలబడింది.

"దించు!" అని అరిచాను. వెంకటేశం తన దగ్గరి స్విచ్ నొక్కాడు. ఫలితం లేదు. నేను నా పక్కనున్నది నొక్కాను. లేదు.

"బంద్ అయిందన్నా," అన్నాడు వెంకటేశం బిక్కమొహంతో.

"అయింది," అంది బయట నుంచి నర్సవ్వ. "నేను జెప్పలే?"

తల్లి మాట నిజమే, కొడుకు మాటా నిజమే. అద్దం రెండు రకాలుగానూ బంద్ అయింది.

పోగు

తలుపుకూ అది బిగించి ఉన్న కారు స్తంభానికీ మధ్య వైర్లు ఒక రబ్బరు గొట్టంలోంచి వస్తాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ అవి సాగుతాయి, వేసిన ప్రతిసారీ మడతపడతాయి. ఆ గొట్టం వెనక్కి జరిపి చూశాను. అద్దాన్ని ఎక్కించే వైరు లోపల తెగి ఉంది. పక్కనే కరెంటు తెచ్చే వైరు పైతొడుగు అరిగి రాగి కనబడుతోంది. తలుపు సగం తెరిస్తే తెగిన కొసలు రెండూ ఒకదాన్నొకటి తాకే ఉంటున్నాయి, అంతా బాగానే పనిచేస్తోంది. కొసదాకా తెరిస్తే అవి విడిపోయి, తలుపు వైపు కొస పోయి కరెంటు వైరును తాకుతోంది. డ్రైవరు ఎక్కించు అన్నాడనుకుని మోటారు ఎక్కిస్తోంది. దించు స్విచ్ నొక్కితే రెండో వైపు నుంచీ కరెంటు వచ్చి, మోటారు ఎటూ కదలక నిలబడుతోంది. తెగిన కొస కాబట్టి ఫ్యూజు కూడా పోలేదు. ఆమె దిగాక సామాను కోసం తలుపు మళ్లీ సగం తీసి వేస్తే కొసలు యథాస్థానానికి వస్తాయి, ఏమీ ఎరగనట్టు. ఇంత అందమైన రోగాన్ని నేను నా సర్వీసులో చూడలేదు.

నర్సవ్వ లేచి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది.

"పోగు తెగిందా?"

"తెగింది పెద్దమ్మా."

"మరి అతుకు. కొస మీద కొస వెట్టి అతుకకు, మళ్ల తెగుతది. ఇంత కొత్త పోగు కలుపు."

"గంతే జేస్త," అని నవ్వాను. నేను చేయబోయేదీ అదే. రెండు వైర్లకూ అరిగినంత మేర కోసి, మెత్తని కొత్త వైరు కలిపి, టంకం పెట్టి, తొడుగులు వేశాను. అద్దం దించి, తలుపును కొసదాకా తెరిచి వేసి, తెరిచి వేసి, తాళం తిప్పి చూశాను. అద్దం ఉన్నచోటే ఉంది.

వెంకటేశం సంబరంగా తల్లి దగ్గరికి పోయాడు. "అవ్వా, మంచిగైంది, ఎక్కు."

ఆమె కదల్లేదు. నా కళ్లలోకి చూసింది.

"నిజం జెప్పు బిడ్డా. బాగైందా? లేకుంటె వీడు జెప్పుమన్నడా?"

వెంకటేశం తల దించుకున్నాడు. వాడు నన్నేం అడిగాడో ఆమెకు ఎవరూ చెప్పలేదు. కన్నతల్లి కదా, చెప్పాలా? అప్పుడు నేను ఆ ఒక్క మాట అని ఉంటే ఆమె నమ్మి ఎక్కేది, నడిరోడ్డు మీద అద్దం మళ్లీ మెడ దగ్గరికి వచ్చేది.

తలుపు కొసదాకా తెరిచి వేశాను. దించిన అద్దం సందులో నా మోచేయి దాకా పెట్టి, "తాళం తిప్పు వెంకటేశం," అన్నాను. తిప్పాడు. అలాగే నిలబడ్డాను. చేయి అక్కడే ఉంది, అద్దం కిందే ఉంది.

నర్సవ్వ వచ్చి తన చేయి కూడా నా చేయి పక్కన పెట్టింది. కాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నిలవడ్డవేందిరా? నీళ్ల సీస, నేను కప్పుకునే సద్దరు ఇంటికాడ ఉన్నయి. పోయి తెచ్చుకుందాం పా. డాక్టరు ఉంటడో పోతడో," అంది. తలుపు మొత్తం తెరిచి పట్టుకుంటే మెల్లగా ఎక్కి, కాలు చాపుకుని కూర్చుంది.

పొద్దు తిరిగాక నా ఫోను మోగింది. వెంకటేశం. వెనకాల టీ కొట్టు చప్పుడు వినిపిస్తోంది.

"ఏమైంది?"

"సిద్దిపేట దాటినం అన్నా. ఫికర్ లేదు. అవ్వ అద్దం బంద్ జెయ్యిమంటుంది."

"ఎందుకు?"

"సలి వెడుతుందట."

"చెయ్యి మరి," అన్నాను.